దెబ్బ తగిలినట్టు నటిస్తే రిఫరీ ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మన తెలుగువాళ్ళు వారాంతాల్లో ఆడుకునే ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లకు రిఫరీగా నిలబడుతుంటాను. బెళ్ళందూరు, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ టర్ఫ్‌ల (గంటల లెక్కన అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానాల) మీద ఎవరో ఒకరు కాలు పట్టుకుని పడిపోతారు. అవతలి జట్టు "యాక్టింగ్, యాక్టింగ్" అని అరుస్తుంది. రాత్రికి అవే సందేహాలు వాట్సాప్ గ్రూపులోకి వస్తాయి. ప్రతి సీజన్‌లోనూ ఇదే తంతు. అందుకే వచ్చిన ప్రశ్నలన్నీ అడిగినవాళ్ళ మాటల్లోనే ఒకచోట పెట్టాను. మీకు కావలసినదాని దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తున్నాను: నటనకు శిక్ష గట్టిగా పడాలి. అది కార్డుతో పడాలి, ఆడే సమయం కోసేయడంతో పడాలి. కింద పడినవాడిని పట్టించుకోకుండా వదిలేయడం మాత్రం ఎన్నడూ శిక్ష కాకూడదు.

## మ్యాచ్ మొదలయ్యే ముందు

నటించడం రూల్స్‌లో నిజంగా తప్పేనా? "ఆటలో ఇవన్నీ మామూలే" అంటారు కదా?

తప్పే. ఫుట్‌బాల్ నియమాల పుస్తకాన్ని ఐఎఫ్‌ఏబీ అనే సంస్థ తయారుచేస్తుంది. అందులో 12వ నియమం ఫౌళ్ళ గురించీ, దుష్ప్రవర్తన గురించీ. దెబ్బ తగలకపోయినా తగిలినట్టు నటించడం, ఫౌల్ జరగకపోయినా జరిగినట్టు పడిపోవడం, రెండూ రిఫరీని మోసం చేసే ప్రయత్నాలే. రెండింటికీ ఎల్లో కార్డే. మైదానంలో ఏ మూల చేసినా శిక్ష పడాలని 1999లోనే నియమంలో స్పష్టంగా చేర్చారు. మోసం ఫలించిందా లేదా అని చూడనక్కర్లేదు, ప్రయత్నిస్తే చాలు. తరచూ జరుగుతోంది కాబట్టి ఒప్పైపోదు. ఆఫ్‌సైడ్ కూడా ప్రతి మ్యాచ్‌లో జరుగుతుంది, ప్రతిసారీ జెండా లేస్తుంది.

మేం ఐదుగురు, ఏడుగురు ఆడే టర్ఫ్ లీగ్. ఈ రూల్స్ మాకూ వర్తిస్తాయా?

కార్డు విషయంలో తేడా లేదు. తేడా అంతా సబ్‌స్టిట్యూషన్లలో, టైంలో ఉంటుంది. అవి లీగ్‌కో రకంగా ఉంటాయి కాబట్టి సీజన్ మొదలయ్యే ముందే రాసుకుని అందరికీ పంపాలి. మీలాంటి లీగ్‌లకు పనికొచ్చే వెసులుబాటు ఒకటి నియమాల్లోనే ఉంది. గ్రాస్‌రూట్స్, యూత్, వెటరన్స్ పోటీల్లో ఎల్లో కార్డు పడినవాడిని కాసేపు బయట కూర్చోబెట్టవచ్చు. దీన్నే సిన్ బిన్ అంటారు. మ్యాచ్ మొత్తం సమయంలో 10 నుంచి 15 శాతం వరకు బయట ఉంచాలి. 40 నిమిషాల మ్యాచ్ అయితే 4 నుంచి 6 నిమిషాలన్నమాట. వారానికొక మ్యాచ్ ఆడుకునే ఉద్యోగస్తులు కార్డును ఆదివారం రాత్రికే మరచిపోతారు. ఐదు నిమిషాలు గీత అవతల నిలబడి సొంత జట్టు నలుగురితో ఆడడం చూస్తే మాత్రం గుర్తుంటుంది. టర్ఫ్ లీగ్‌లో నటనకు నేను కోరుకునే శిక్ష ఇదే.

టాస్ అప్పుడు కెప్టెన్లకు దీని గురించి ఏమైనా చెప్పాలా?

చెప్పాలి, అరనిమిషంలో. "తలకి తగిలితే వెంటనే ఆపేస్తాను. మిగతా దెబ్బలకు ఆపాలా వద్దా అన్నది నా నిర్ణయం. నాతో మాట్లాడాల్సింది కెప్టెన్ ఒక్కడే." అంతే చాలు. కెప్టెన్ మాత్రమే రిఫరీ దగ్గరికి రావాలన్న పద్ధతి 2024 యూరో కప్‌లో బాగా పనిచేసింది. పడినవాడి చుట్టూ పదిమంది మూగి అరిచే గొడవ దీనివల్ల చాలా తగ్గుతుంది.

## ఎవరో పడిపోయిన క్షణం

నటిస్తున్నాడా, నిజంగా తగిలిందా? రిఫరీకి ఎలా తెలుస్తుంది?

ఒక్క గుర్తుతో తెలియదు. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీద పరిశోధన చేశారు. నిజంగా తూలిపోయే మనిషి చేతులు తనను కాపాడుకోవడానికి నేలవైపో, బ్యాలెన్స్ కోసం పక్కకో వెళ్తాయి. నటించేవాడు మాత్రం రెండు చేతులూ పైకెత్తి, ఛాతీ ముందుకు పొడుచుకొచ్చేలా, మోకాళ్ళు మడిచి, వెనక్కి వంగిన విల్లులా గాల్లోకి లేస్తాడని వాళ్ళు గుర్తించారు. సహజంగా పడే మనిషి శరీరం అలా వంగదు. తగిలిన చోటు ఒకటి, పట్టుకున్న చోటు ఇంకొకటి కావడం, తగిలిన తర్వాత ఒక క్షణం ఆగి పడడం, అక్కర్లేకపోయినా దొర్లుతూనే ఉండడం కూడా గుర్తులే.

టర్ఫ్ మీద నేను ముందు చూసేది చేతులు, తర్వాత కళ్ళు. చీలమండ మెలిపడినవాడి చెయ్యి తిన్నగా అక్కడికే పోతుంది. తల కిందికి వేసేస్తాడు, ఊపిరి బిగబడతాడు. టర్ఫ్‌లోని నల్ల రబ్బరు గింజలు చెంపకు అంటుకున్నా దులుపుకోడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని "ఎక్కడ తమ్ముడూ?" అని అడిగితే మాట రాదు, వేలితో చూపిస్తాడు. నటించేవాడికి నా విజిల్ మీదే ధ్యాస. మొహం కప్పుకున్న వేళ్ళ సందుల్లోంచి బంతి ఎటు పోయిందో చూస్తాడు.

అయినా ఇవన్నీ అనుమానానికి మాత్రమే పనికొస్తాయి. కార్డు తీయాలంటే, కాలికి కాలు తగిలిందో లేదో రిఫరీ తన కళ్ళతో చూసి ఉండాలి. ఆ కోణం దొరకకపోతే ఆట ఆడించండి, కార్డు జేబులోనే ఉండనివ్వండి.

అసలు ఎవరూ తాకనే లేదు. మరి అది డైవ్ (కావాలని పడిపోవడం) కాదా?

కాకపోవచ్చు. మూడు సంగతులు చూడాలి. ఒకటి, నియమం ప్రకారం తన్నడమే కాదు, తన్నబోవడమూ ఫౌలే. షూ అడుగున ఉండే స్టడ్స్ పైకి లేపి వచ్చిన కాలిని తప్పించుకోవడానికి ఎగిరి పడినవాడు మోసగాడు కాదు, ఫౌల్ జరిగింది అతని మీదే. రెండు, ఫౌల్ లేకపోయినా దెబ్బ తప్పించుకోబోయి తూలి పడొచ్చు. పడి, ఏమీ అడగకుండా లేచి పరుగెత్తితే అక్కడ మోసం లేదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మోకాలిలోని ఏసీఎల్ అనే స్నాయువు తెగే గాయాల్లో చాలా భాగం ఎవరూ తాకకుండానే జరుగుతాయి. పరుగెత్తుతూ ఒక్కసారి ఆగినప్పుడో, కాలు నేలకు ఆనించి మలుపు తిరిగినప్పుడో టప్‌మని తెగుతుంది. చుట్టుపక్కల మనిషే లేని చోట పడినవాడిని చూసి నవ్వకండి, అతని సీజన్ అక్కడే ముగిసి ఉండొచ్చు.

కొంచెం తగిలిన మాట నిజమే. కానీ వాడు పది దొర్లులు దొర్లాడు. ఫౌల్ ఇవ్వాలా, నటన అనాలా?

రెండూ ఇవ్వవచ్చు. ఫౌల్ జరిగితే ఫ్రీకిక్ ఆ జట్టుకే. లేని గాయాన్ని నటించినందుకు పడినవాడికి ఎల్లో కార్డు. ఒకటి ఇచ్చామని రెండోది మాఫీ కాదు.

2002 ప్రపంచకప్‌లో బ్రెజిల్, టర్కీ మ్యాచ్ గుర్తుందా? కార్నర్ కొట్టడానికి నిలబడ్డ రివాల్డో మీదికి టర్కీ ఆటగాడు హకాన్ ఉన్సాల్ కోపంగా బంతి తన్నాడు. అది కాలికి తగిలింది. రివాల్డో మొహం పట్టుకుని కూలిపోయాడు. ఉన్సాల్‌కి రెండో ఎల్లో పడి బయటికి వెళ్ళాడు. రివాల్డోకి ఆ మ్యాచ్‌లో దానికి ఏ శిక్షా పడలేదు. తర్వాత ఫిఫా జరిమానా వేసింది, ఒక్క మ్యాచ్ కూడా నిషేధించలేదు. నా దృష్టిలో అక్కడ రెండు కార్డులు పడాల్సింది: బంతి అలా తన్నినందుకు ఒకటి, మొహం పట్టుకున్నందుకు ఒకటి.

మా వాడు కింద పడి ఉంటే రిఫరీ ఆట ఎందుకు ఆపలేదు?

5వ నియమం రిఫరీకి రెండు దారులు ఇచ్చింది. గాయం చిన్నదనిపిస్తే బంతి బయటికి పోయేదాకా ఆట సాగనివ్వాలి. తీవ్రమైనదనిపిస్తే వెంటనే ఆపాలి. పడిన ప్రతిసారీ విజిల్ ఊదితే, ఎదురుదాడిని ఆపడానికి పడిపోవడం కన్నా తేలిక మార్గం ఉండదు. ఆపలేదంటే పట్టించుకోలేదని అర్థం కాదు. మంచి రిఫరీ ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను పడినవాడి మీద ఉంచుతాడు.

వాళ్ళు బంతి బయటికి కొట్టకుండా ఆడేసి గోల్ చేశారు. అది మోసం కాదా?

కాదు. ప్రత్యర్థి పడితే బంతి బయటికి కొట్టడం మర్యాద, నియమం కాదు. ఆ మర్యాదను వాడుకుని దాడుల్ని ఆపేవాళ్ళు ఎక్కువయ్యాకే "ఆపేది రిఫరీ, మీరు ఆడండి" అనే మాట వచ్చింది. విజిల్ వినబడేదాకా ఆడమని మా కుర్రాళ్ళకు చెబుతాను. నిజంగా ఎముక విరిగిందని కళ్ళారా చూస్తే ఎవరూ చెప్పకుండానే బంతి బయటికి పోతుంది.

తలకి తగిలితే కూడా నటన అని అనుమానించవచ్చా?

అనుమానం మనసులో ఉండొచ్చు, చేతల్లో మాత్రం కనిపించకూడదు. తల గాయం అంటే వెంటనే విజిల్. యూరప్ పోటీల్లో డాక్టర్ పరీక్షకు మూడు నిమిషాల దాకా ఆట ఆపే పద్ధతి 2014 నుంచి ఉంది.

2022 నవంబర్ 21న ఇంగ్లండ్‌తో ఆడుతూ ఇరాన్ గోల్‌కీపర్ బైరన్‌వంద్ సొంత జట్టు ఆటగాడినే ఢీకొన్నాడు. చికిత్స తర్వాత ఆడతానని లేచాడు. కాసేపటికే మళ్ళీ కూలబడ్డాడు, స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. ఆ సగానికి 14 నిమిషాలు అదనంగా కలపాల్సి వచ్చింది. ఇక్కడ ఇబ్బంది నటన కాదు, దానికి పూర్తిగా వ్యతిరేకం: దెబ్బ తగిలినా తగలనట్టు ఉండడం. 1962 ఆసియా క్రీడల్లో తలకు కుట్లు పడినా భారత ఆటగాడు జర్నైల్ సింగ్ సెమీఫైనల్లో, ఫైనల్లో గోల్స్ కొట్టాడు. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. ఆ బంగారు పతకం మనందరికీ గర్వమే. కానీ ఇవాళ మీ జట్టులో తలకి తగిలినవాడు అలా ఆడతానంటే ఒప్పుకోకండి. చూపు నిలవకపోయినా, వాంతి వచ్చినా, స్కోరు ఎంతో చెప్పలేకపోయినా ఆ రోజుకి అతని ఆట అయిపోయినట్టే.

నటనే అని రిఫరీకి గట్టిగా అనిపిస్తే, వెళ్ళి చూడకుండా వదిలేయొచ్చా?

వదిలేయకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

2004 డిసెంబర్ 5న మన కంఠీరవ స్టేడియంలో ఫెడరేషన్ కప్ ఫైనల్. గోవా జట్టు డెంపోకి ఆడుతున్న బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ మోహన్ బగాన్ మీద గోల్ కొట్టే ఊపులో గోల్‌కీపర్‌ను ఢీకొని పడిపోయాడు. మళ్ళీ లేవలేదు, చనిపోయాడు. బెంగళూరులో విజిల్ పట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలిసి ఉండాలి. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సెన్ పడిపోయినప్పుడు అతన్ని ఎవరూ ఢీకొనలేదు. గుండె ఆగింది. రిఫరీ ఆంథొనీ టేలర్ క్షణాల్లో ఆట ఆపి వైద్యుల్ని పిలిచాడు, ఎరిక్సెన్ బతికాడు.

నటన వల్ల అసలు నష్టం ఓ పెనాల్టీయో, ఓ నిమిషమో కాదు. "నాన్నా పులి" కథలోలాగా, నిజంగా పడ్డవాడి కేకను కూడా జనం నమ్మకుండా చేస్తుంది. కాబట్టి ముందు మనిషి దగ్గరికి వెళ్ళండి. ఊపిరి, స్పృహ, తల, మెడ చూడండి. అన్నీ బాగున్నాయనీ, నటించాడనీ తేలితే అప్పుడు కార్డు తీయండి. టర్ఫ్‌లో డాక్టర్ ఉండడు కాబట్టి ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఎక్కడుందో, 108కి ఫోన్ చేసేదెవరో ఆటకు ముందే ఖాయం చేసుకోండి.

## విజిల్ ఊదాక

నటనకు కార్డు ఇచ్చాక ఆట మళ్ళీ ఎలా మొదలవుతుంది?

నటన కోసమే ఆట ఆపితే, అది జరిగిన చోటి నుంచి ప్రత్యర్థి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేని ఫ్రీకిక్). పెనాల్టీ బాక్సులో పడినా అంతే. అంతకుముందే నిజమైన ఫౌల్ జరిగి ఉంటే ఆ ఫౌల్‌కి తగ్గ ఫ్రీకిక్ లేదా పెనాల్టీతో మొదలవుతుంది.

నిజంగా గాయమే అనుకుని రిఫరీ ఆపాడు. బంతి ఎవరికి ఇవ్వాలి?

డ్రాప్ బాల్, అంటే రిఫరీ చేతిలోంచి బంతిని కిందికి వదిలి ఆట మొదలుపెట్టడం. 2019కి ముందు ఇద్దరి మధ్య వదిలేవారు, ఎవరు అందుకుంటే వాళ్ళది. ఇప్పుడు బంతి ఎవరి దగ్గరుందో, ఎవరికి చేరేదో స్పష్టంగా ఉంటే ఆ జట్టుకే ఇస్తారు. స్పష్టంగా లేకపోతే చివరగా తాకిన జట్టుకు. దీంతో ఎదుటివాళ్ళ దాడిని ఆపడానికి పడిపోయేవాడికి లాభం తగ్గింది.

ఒక చిల్లు మాత్రం మిగిలింది. ఆట ఆపిన సమయానికి బంతి పెనాల్టీ బాక్సులో ఉంటే డ్రాప్ బాల్ కాపాడుకునే జట్టు గోల్‌కీపర్‌కే వెళ్తుంది. ఒత్తిడిలో ఉన్న డిఫెండర్ సొంత బాక్సులో పడిపోతే, ఆపిన మరుక్షణం బంతి అతని కీపర్ చేతిలో ఉంటుంది. అందుకే బాక్సులో డిఫెండర్ పడ్డప్పుడు, తల గాయం కాకపోతే, ఒక్క క్షణం ఆగి బంతి ఎటు పోతుందో చూసి విజిల్ ఊదుతాను.

వాడు నటించి పడ్డాడు, బంతి మాకు దొరికి ఎదురుదాడికి వెళ్తున్నాం. అప్పుడే విజిల్ ఊదితే మాకే నష్టం కదా?

అవును, అందుకే ఊదకూడదు. అడ్వాంటేజ్ ఇచ్చి ఆడించి, తర్వాత ఆట ఆగినప్పుడు వెనక్కి వచ్చి కార్డు చూపించాలి. మీకు గోల్ వచ్చినా ఆ కార్డు రద్దు కాదు.

అప్పటికే ఒక ఎల్లో ఉంది. చిన్న నటనకు రెండోది ఇచ్చి బయటికి పంపడం మరీ ఎక్కువ కాదా?

కాదు. మొదటి కార్డు పడ్డాక జాగ్రత్తగా ఉండాల్సింది ఆటగాడు. రెండో కార్డు ఇవ్వడానికి రిఫరీ వెనకాడతాడని తెలిస్తే, మొదటి ఎల్లో తర్వాత నటనకు లైసెన్స్ ఇచ్చినట్టే అవుతుంది.

ఇంత మోసానికి ఎల్లో ఏమిటి? నేరుగా రెడ్ కార్డే ఇవ్వాలి కదా?

గ్రూపులో ఎక్కువమంది అడిగేది ఇదే. కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. శిక్ష పెరిగేకొద్దీ రిఫరీకి చెయ్యి రాదు. నూటికి నూరుపాళ్ళు ఖాయమైతే తప్ప ఎవరూ మనిషిని మైదానం నుంచి పంపరు. నటనలో అంత ఖాయం దొరకడం చాలా అరుదు. అప్పుడు రెడ్ కార్డు పుస్తకంలోనే ఉంటుంది, మైదానంలో ఏమీ పడదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ప్రచురించిన ఫలితాలు చూడండి. ఆరు లీగ్‌ల నుంచి 60 మ్యాచ్‌లు తీసుకుని, 2,800కి పైగా పడిపోయిన సందర్భాలను పరిశీలించారు. వాటిలో సుమారు 6 శాతం నటనలు. ఒక్కదానికి కూడా శిక్ష పడలేదు. ప్రత్యర్థి గోల్‌కి దగ్గరయ్యేకొద్దీ నటన ఎక్కువ. నటనకు రిఫరీలు ఎక్కువగా ఫ్రీకిక్‌లు ఇచ్చే లీగ్‌లలో ఇంకా ఎక్కువ. అంటే ఆటగాళ్ళు లాభనష్టాలు లెక్క వేసుకునే పడుతున్నారు. పదిసార్లకు ఒక్కసారి కూడా పడని పెద్ద శిక్ష కన్నా, పదిలో ఆరుసార్లు పడే ఎల్లో కార్డు ఆ లెక్కను మారుస్తుంది. దానికి తోడు ఆడే సమయం పోగొట్టుకోవాల్సి వస్తే ఇంకా బాగా మారుస్తుంది.

ఆటగాడే వచ్చి "నన్నెవరూ తన్నలేదు సార్" అని ఒప్పుకుంటే పెనాల్టీ వెనక్కి తీసుకోవచ్చా?

ఆట మళ్ళీ మొదలుకానంత వరకు రిఫరీ నిర్ణయం మార్చుకోవచ్చు. 2014 మార్చిలో జర్మనీలో న్యూరెంబర్గ్‌తో ఆడుతూ వెర్డర్ బ్రెమెన్ ఆటగాడు ఆరోన్ హంట్ బాక్సులో పడ్డాడు. పెనాల్టీ వచ్చింది. హంట్ తనంతట తానే వెళ్ళి అది ఫౌల్ కాదని చెప్పాడు, రిఫరీ పెనాల్టీ రద్దు చేశాడు. 1997లో లివర్‌పూల్ ఆటగాడు రాబీ ఫౌలర్ కూడా ఆర్సెనల్ కీపర్ తనను తాకలేదని రిఫరీకి చెప్పాడు. కానీ రిఫరీ పెనాల్టీ మార్చలేదు. ఒప్పుకున్నవాడికి కార్డు ఇవ్వాలా అని అడిగితే, నేను ఇవ్వను. నిజం చెప్పిన నోటిని కార్డుతో మూయిస్తే రేపు ఇంకెవరూ చెప్పరు.

వీఏఆర్ వచ్చాక కూడా ఇంకా నటిస్తున్నారెందుకు?

వీఏఆర్ అంటే వీడియో చూసి రిఫరీకి సాయపడే పద్ధతి. అది ప్రతి పతనాన్నీ చూడదు. గోల్, పెనాల్టీ, రెడ్ కార్డు లాంటి పెద్ద నిర్ణయాలకే దాని పరిధి. పెనాల్టీ కోసం పడితే దొరికిపోతారు. 2018 జూన్ 22న ప్రపంచకప్‌లో కోస్టారికా మీద బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ పడగానే రిఫరీ క్యూపర్స్ పెనాల్టీ ఇచ్చి, స్క్రీన్ చూసి రద్దు చేశాడు. ఆ పతనానికి కార్డు మాత్రం ఇవ్వలేదు. పెనాల్టీ రద్దు చేసి కార్డు ఇవ్వకపోతే, ప్రయత్నించి ఓడినవాడికి పోయేదేమీ లేదు. మైదానం మధ్యలో టైం గడపడానికి పడేవాళ్ళను వీఏఆర్ అసలు ముట్టుకోదు.

## చికిత్స, సమయం

దెబ్బ తగిలింది మావాడికి. మళ్ళీ బయటికి వెళ్ళాల్సిందీ మావాడేనా?

మామూలుగా అయితే అవును. చికిత్స తీసుకున్నవాడు బయటికి వెళ్ళి, ఆట మొదలయ్యాక రిఫరీ అనుమతితోనే లోపలికి రావాలి. ఇందులో అన్యాయం ఉందని నియమాలు రాసినవాళ్ళకూ తెలుసు. అందుకే మినహాయింపులు పెట్టారు: గోల్‌కీపర్ గాయపడినప్పుడు, కీపరూ ఇంకో ఆటగాడూ ఢీకొన్నప్పుడు, ఒకే జట్టువాళ్ళు ఢీకొన్నప్పుడు, గాయం తీవ్రమైనప్పుడు, గాయపడినవాడే పెనాల్టీ కొట్టాల్సినప్పుడు. ఎల్లో లేదా రెడ్ కార్డు పడే ఫౌల్ వల్ల దెబ్బ తగిలితే, చికిత్స త్వరగా అయిపోతే, లోపలే ఉండొచ్చు.

కొన్ని లీగ్‌లు ఇంకో అడుగు వేశాయి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 2023–24 సీజన్‌లో 30 సెకన్లు బయట ఉండాలన్న నియమం తెచ్చారు. అమెరికాలోని ఎంఎల్‌ఎస్ అనే లీగ్‌లో 2024లో తెచ్చిన నియమం ప్రకారం, 15 సెకన్లకు మించి నేల మీద ఉండి వైద్య సిబ్బంది లోపలికి రావాల్సి వస్తే 2 నిమిషాలు బయట ఉండాలి. తల గాయాల్లాంటి వాటికి మినహాయింపు ఉంది. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. నటిస్తున్నాడా లేదా అని ఎవరూ తీర్పు చెప్పనక్కర్లేదు. నిజంగా నొప్పి ఉన్నవాడికి రెండు నిమిషాల విశ్రాంతి మేలే చేస్తుంది, లేనివాడు ముందే లేస్తాడు.

వోలినీ స్ప్రే కొట్టగానే లేచి పరుగెత్తాడు. నటించినట్టే కదా?

తొందరపడకండి. మోకాలి కింద ముందువైపు ఎముక మీద షూ తగిలితే ప్రాణం పోయినంత నొప్పి వస్తుంది, ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. త్వరగా కోలుకోవడం మోసానికి సాక్ష్యం కాదు. దానికి కార్డు ఇవ్వడం తప్పు, బయటికి పంపి ఆట మొదలయ్యాక పిలవడం సరైనది.

మా టర్ఫ్ బుకింగ్ గంటకే. పోయిన టైం ఎక్కడి నుంచి కలుపుతారు?

ఇది మన బెంగళూరు టర్ఫ్‌ల అసలు సమస్య. పెద్ద మ్యాచ్‌లో గాయాలకు పోయిన సమయాన్ని రిఫరీ చివర్లో కలుపుతాడు. మనకు పదింటి స్లాట్ వాళ్ళు గేటు దగ్గర షూ లేసులు కట్టుకుంటూ నిలబడి ఉంటారు. ఒక గోల్ ఆధిక్యంలో ఉన్న జట్టుకు చివరి ఐదు నిమిషాల్లో పడిపోవడం కన్నా లాభసాటి పని ఉండదు.

పరిష్కారం స్లాట్ లోపలే చూసుకోవాలి. గంటలో 25 నిమిషాల చొప్పున రెండు సగాలు పెట్టి, మధ్యలో 3 నిమిషాల విరామం ఇస్తే 7 నిమిషాలు చేతిలో ఉంటాయి. చివరి ఐదు నిమిషాల్లో ఆట ఆగిన ప్రతిసారీ గడియారం ఆపండి. మన దగ్గర ఎన్నిసార్లైనా సబ్‌స్టిట్యూట్‌లు మారొచ్చు కాబట్టి చికిత్స తీసుకున్నవాడి బదులు వెంటనే ఇంకొకరిని రానివ్వండి. పడినవాడు మాత్రం నాలుగు నిమిషాల దాకా తిరిగి రాకూడదు. ఇలా చేస్తే గాయపడిన జట్టుకు మనిషి తగ్గడు, నటించినవాడికి ఆట తగ్గుతుంది.

వాళ్ళ గోల్‌కీపర్ మేం ఊపు మీదున్నప్పుడల్లా కూర్చుండిపోతున్నాడు. కీపర్‌ని బయటికి పంపలేరు కదా?

పంపలేరు, అందుకే ఈ ఎత్తు ఇంతగా పెరిగింది. కీపర్ కూర్చోగానే మిగతావాళ్ళంతా కోచ్ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగుతూ ప్లాన్ మార్చుకుంటారు. ఆ మాటల కోసమే ఈ గాయం. కాబట్టి దాన్నే అడ్డుకోవాలి. కీపర్‌కి చికిత్స జరుగుతున్నంతసేపూ రెండు జట్లనూ సెంటర్ సర్కిల్‌లో ఉండమంటాను, కోచ్‌ల దగ్గరికి ఎవర్నీ పోనివ్వను. రెండోసారి గాయం కనబడకుండా కూర్చుంటే కెప్టెన్‌ని పిలిచి హెచ్చరిస్తాను, మూడోసారి కార్డు. బంతి చేతిలో పట్టుకుని ఆలస్యం చేసే కీపర్లకు 2025–26 నుంచి 8 సెకన్లు దాటితే కార్నర్ ఇచ్చే నియమం వచ్చింది. కూర్చుండిపోయే కీపర్ల మీదా అలాంటి గట్టి నియమం కావాలి.

గీత అవతల పడినవాడు పాక్కుంటూ లోపలికి వచ్చి పడుకున్నాడు. ఏం చేయాలి?

ఆట ఆపించడానికి చేసే పని ఇది. గాయంతో బయటికి పంపినవాడు అనుమతి లేకుండా లోపలికి వస్తే అదే విడిగా ఎల్లో కార్డు తప్పు. ఆట సాగుతుండగా జారి బయట పడినవాడు లోపలికి పాకి వస్తే, మోసం చేసే ప్రయత్నంగా కార్డు ఇవ్వవచ్చు.

## మ్యాచ్ అయ్యాక

మా దగ్గర ఫోన్ వీడియో ఉంది. తర్వాత శిక్ష వేయొచ్చా?

మీ లీగ్ నియమాల్లో ఆ మాట ముందే రాసి ఉంటే వేయొచ్చు. ఇంగ్లండ్‌లో 2017లో ఇది మొదలైంది. నటించి పెనాల్టీ తెచ్చుకున్నా, ప్రత్యర్థిని బయటికి పంపించినా ముగ్గురు సభ్యుల ప్యానెల్ వీడియో చూస్తుంది. ముగ్గురూ ఒప్పుకుంటే రెండు మ్యాచ్‌ల నిషేధం. ఎవర్టన్ ఆటగాడు నియాస్ ప్రీమియర్ లీగ్‌లో ఇలా నిషేధం పడిన మొదటివాడు.

కానీ వీడియో ఉన్నంత మాత్రాన సాక్ష్యం ఉన్నట్టు కాదు. 2009లో సెల్టిక్ మీద పెనాల్టీ తెచ్చుకున్న ఆర్సెనల్ ఆటగాడు ఎడ్వార్డోకి యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్ఏ రెండు మ్యాచ్‌ల నిషేధం వేసి, అప్పీల్‌లో ఎత్తేసింది. అన్ని కెమెరాలు ఉన్నచోటే అలా జరిగింది. నెట్ బయటి నుంచి ఒక పక్కగా తీసిన ఫోన్ వీడియోతో ఒకడి మీద మోసగాడన్న ముద్ర వేయడం నాకు ఇష్టం లేదు. రెండు కోణాలుంటే చూడండి, ఒక్కటే ఉంటే వదిలేయండి.

నటనకు ఇప్పటిదాకా పడిన అతి పెద్ద శిక్ష ఏది?

చిలీ గోల్‌కీపర్ రొబెర్తో రొహాస్‌ది. 1989 సెప్టెంబర్ 3, రియోలోని మరకానా స్టేడియం, ప్రపంచకప్ క్వాలిఫయింగ్ మ్యాచ్. బ్రెజిల్ 1–0తో ముందుంది. గ్యాలరీ నుంచి ఒక మంట గొట్టం వచ్చి మైదానంలో పడింది. రొహాస్ నెత్తుటి మొహంతో పొగలో పడి ఉన్నాడు. చిలీ జట్టు మైదానం వదిలి వెళ్ళిపోయింది. మంట అతనికి తగల్లేదని తర్వాత ఫొటోల్లో తేలింది. గ్లవ్‌లో దాచుకున్న బ్లేడుతో తన నుదురు తానే కోసుకున్నాడు. ఫిఫా మ్యాచ్‌ను బ్రెజిల్‌కి ఇచ్చింది, చిలీని 1994 ప్రపంచకప్ పోటీ నుంచి తప్పించింది, రొహాస్‌ని జీవితాంతం నిషేధించింది. 2001లో గానీ ఆ నిషేధం ఎత్తేయలేదు.

రిఫరీ నటనకు మోసపోయాడని మా జట్టంతా బయటికి వచ్చేస్తే?

మ్యాచ్ పోతుంది, శిక్షా పడుతుంది. 2023 మార్చి 3న కంఠీరవలో బెంగళూరు ఎఫ్‌సీ ఛేత్రీ కొట్టిన ఫ్రీకిక్ గోల్‌ని ఒప్పుకోక కేరళ బ్లాస్టర్స్ జట్టు మైదానం వదిలింది. అక్కడ గొడవ నటన గురించి కాదు గానీ, ఫలితం మీకూ పాఠమే: మ్యాచ్ బెంగళూరుకి వెళ్ళింది, కేరళ క్లబ్‌కి 4 కోట్ల రూపాయల జరిమానా పడింది. ఫిర్యాదు రాసివ్వండి, ఆట పూర్తి చేయండి.

ఆడవాళ్ళ మ్యాచ్‌లలో నటన తక్కువంటారు. నిజమేనా?

అంతర్జాతీయ మ్యాచ్‌ల వీడియోల మీద అమెరికా పరిశోధకులు చేసిన లెక్కల్లో అలాగే తేలింది. గాయమైనట్టు పడిపోవడం మగవాళ్ళ మ్యాచ్‌లలో సుమారు రెట్టింపు. పడినవాటిలో రక్తం కనబడినవి, లేదా ఆటగాడు వెంటనే మైదానం వదలాల్సి వచ్చినవి మాత్రం ఆడవాళ్ళలోనే ఎక్కువ శాతం. వాళ్ళు పడితే త్వరగా వెళ్ళి చూడడానికి ఇది ఇంకో కారణం.

మా అబ్బాయి అండర్-12 ఆడుతున్నాడు. కోచ్ "బాక్సులో తగిలితే పడిపో" అంటున్నాడట. ఏం చేయమంటారు?

ముందు కోచ్‌తో ఒంటరిగా, మర్యాదగా మాట్లాడండి. తగిలినా నిలబడి షాట్ కొట్టగలగడమే ఆ వయసులో నేర్వాల్సిన విద్య. పడడం నేర్చుకున్న పిల్లాడికి అది రాదు. ఆ వయసు పిల్లలకు రిఫరీ కార్డు చూపే ముందు చాలా ఆలోచించాలి. చాలామంది నొప్పికన్నా భయంతో ఏడుస్తారు. నీళ్ళు తాగించి, కాసేపు పక్కన కూర్చోబెట్టి మళ్ళీ పంపితే సరిపోతుంది. కోచ్ సైడ్‌లైన్ నుంచి "పడిపో" అని అరవడం వినబడితే రిఫరీ అతన్నే హెచ్చరించాలి. జట్టు అధికారులకు కూడా కార్డులు చూపే అధికారం 2019 నుంచి ఉంది. రిఫరీకి వినబడక మీకే వినబడితే తేదీ, సమయం, అన్న మాట ఉన్నదున్నట్టు రాసి లీగ్ కమిటీకి పంపండి. అందులో పిల్లల పేర్లు రాయకండి.